జట్టు విడిపోయే మెట్టు: స్కూల్ గేమ్స్‌కు పిల్లల్ని పంపే ముందు తెలుసుకోవాల్సిన సంగతులు

ఆగస్టు వచ్చిందంటే కంకిపాడు చుట్టుపక్కల హైస్కూళ్లలో సాయంత్రాలు మారిపోతాయి. లాంగ్ బెల్ కొట్టినా కొందరు పిల్లలు ఇంటికి రారు. గ్రౌండ్‌లో కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, త్రోబాల్ ప్రాక్టీసు నడుస్తుంటుంది. "ఎందుకింత ఆలస్యం?" అని అమ్మీ అడిగితే "మండల పోటీలున్నాయి" అని జవాబు వస్తుంది. పెద్దవాళ్లు వీటిని ఇప్పటికీ గ్రిగ్ పోటీలనే అంటారు. మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో విద్యాశాఖ డైరెక్టరుగా పనిచేసిన హెచ్.బి. గ్రిగ్ పేరు అది. దొర పోయి వందేళ్లు దాటినా కోస్తా బడుల్లో ఆ పేరు పోలేదు.

కొన్నాళ్లకు పీఈటీ సార్ ఇచ్చిన కాగితం ఇంటికి వస్తుంది. మండల పోటీలకు సంతకం పెట్టడానికి ఎవరూ పెద్దగా ఆలోచించరు. పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేస్తారు కాబట్టి ఇబ్బంది ఉండదు. రెండో కాగితం జిల్లా సెలక్షన్స్‌కు. అక్కడ కొంత గుసగుస మొదలవుతుంది. మూడో కాగితం రాష్ట్ర పోటీలకు, అంటే వేరే జిల్లాలో మూడు నాలుగు రోజులు ఉండాలి. చాలా ఇళ్లలో పెన్ను అక్కడే ఆగుతుంది, అమ్మాయి అయితే మరీను. ఆటలో వెనకబడి ఆగిపోయేవాళ్లు ఎలాగూ ఉంటారు. ఎంపికై కూడా ఆగిపోయేవాళ్ల సంగతే బాధ కలిగించేది. వాళ్లలో చాలామంది ఇళ్లలో భయం ఉన్నది ఆట గురించి కాదు, అక్కడ ఏం జరుగుతుందో తెలియకపోవడం గురించి.

అసలు మెట్లు ఎలా ఉంటాయి?

బడుల ఆటలన్నీ స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా కిందికి వస్తాయి. ఈ సంస్థ 1954లో ఏర్పడింది. హైస్కూలు పిల్లలకు అండర్-14, అండర్-17 విభాగాలు, ఇంటర్ వాళ్లకు అండర్-19 ఉంటాయి. ముందు మండలం, తర్వాత డివిజన్ లేదా నియోజకవర్గం, ఆపైన జిల్లా, రాష్ట్రం, చివరగా జాతీయ స్థాయి. మధ్య మెట్లు ఏ ఏడాది ఎలా పెడతారన్నది కొద్దిగా మారుతుంటుంది. అది బడిలో అడిగి తెలుసుకోవాల్సిందే.

తల్లిదండ్రులు ఎక్కువగా పొరబడేది ఒక్క చోట. "మన బడి జట్టు గెలిస్తే జట్టు మొత్తం జిల్లాకు, రాష్ట్రానికి వెళ్తుంది" అనుకుంటారు. అలా జరగదు. బడి పేరుతో జట్టు ఆడేది కింది మెట్లలోనే. రాష్ట్ర పోటీల్లో తలపడేవి జిల్లా జట్లు, జాతీయ పోటీల్లో తలపడేవి రాష్ట్ర జట్లు. అందుకని జిల్లా సెలక్షన్స్‌లో పిల్లల్ని ఒక్కొక్కరినీ చూసి ఏరుకుంటారు. కంకిపాడు హైస్కూలు నుంచి పన్నెండు మంది వెళ్తే అందులో ఒక్కరో ఇద్దరో ఎంపిక కావచ్చు. ఓడిపోయిన బడి నుంచి కూడా మంచి రైడర్ ఉంటే జిల్లా జట్టులోకి రావచ్చు.

ఇంటి దగ్గర ఇబ్బంది కూడా సరిగ్గా ఇక్కడే వస్తుంది. అప్పటిదాకా అమ్మాయి తన క్లాసు స్నేహితురాళ్లతో, తెలిసిన పీఈటీ మేడంతో వెళ్లింది. ఇప్పుడు గుడివాడ, నూజివీడు, మచిలీపట్నం బడుల పిల్లలతో, ఎప్పుడూ చూడని మేనేజర్‌తో వెళ్లాలి. జట్టు విడిపోయే మెట్టు ఇదే. ఈ సంగతి ముందే తెలిస్తే తల్లిదండ్రులు జిల్లా సెలక్షన్స్ నాటికే కొత్త మేనేజర్ ఎవరో కనుక్కోవచ్చు, అదే బడి నుంచి ఎంపికైన రెండో అమ్మాయి ఇంటివాళ్లతో మాట్లాడుకోవచ్చు. ఎంపికయ్యాక రాత్రికి రాత్రి నిర్ణయం తీసుకోవాల్సి వస్తే జవాబు "వద్దు" అనే వస్తుంది.

జిల్లా అంటే ఏ జిల్లా అన్న ప్రశ్న కూడా ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు విజయవాడ ఎన్టీఆర్ జిల్లాకు వెళ్లింది. కంకిపాడు మాత్రం మచిలీపట్నం కేంద్రంగా ఉన్న కృష్ణా జిల్లాలోనే, ఉయ్యూరు డివిజన్ కింద ఉండిపోయింది. బందరు రోడ్డు మీద పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉన్న విజయవాడ ఇప్పుడు వేరే జిల్లా. అయినా జిల్లాలు విడిపోయిన తర్వాత కూడా స్కూల్ గేమ్స్ జట్లు ఉమ్మడి కృష్ణా పేరుతోనే ఆడాయి. కాబట్టి సెలక్షన్స్ విజయవాడ స్టేడియంలో పెట్టారా, గుడివాడలోనా, బందరులోనా అన్నది ముందుగా అడగాలి. బస్సు ఎన్నింటికి, తిరిగి ఇంటికి ఎన్నింటికి వస్తారు అన్నవి దాన్ని బట్టే తేలతాయి.

పుట్టిన తేదీ, ఇంటి పేరు

ఆటలో గెలిచి కాగితాల దగ్గర ఓడిపోయే పిల్లలు ఉంటారు. వయసు లెక్క ఇలా చూస్తారు: ఆ ఏడాది డిసెంబరు 31 నాటికి 14 నిండకూడదు, 17 నిండకూడదు. ఉదాహరణకు 2025-26 సంవత్సరానికి 2012 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు అండర్-14. 2011 డిసెంబరు 29న పుట్టిన పిల్లవాడు, 2012 జనవరి 3న పుట్టిన పిల్లవాడు ఒకే బెంచీలో కూర్చోవచ్చు. కానీ మొదటివాడు తనకంటే మూడేళ్లు పెద్దవాళ్లున్న అండర్-17లో పోటీ పడాలి. బడిలో చేర్చేటప్పుడు ఏదో ఒక తేదీ వేయించే అలవాటు మన ఇళ్లలో ఇంకా పూర్తిగా పోలేదు. ఆ తేదీ ఇక్కడ ఎదురు తిరుగుతుంది. తగ్గించి వేయించడం లాభం అనుకునేవాళ్లూ ఉన్నారు. కొన్ని ఆటల సంఘాలు ఎముకల వయసు పరీక్ష చేయిస్తున్నాయి, పిల్లల క్రికెట్‌లో బీసీసీఐ కూడా చేయిస్తోంది. పట్టుబడితే పోయేది పిల్లల పేరే.

పేరు సంగతి ఇంకా పెద్ద తలనొప్పి. తెలుగు ముస్లిం కుటుంబాలకు ఇది బాగా తెలిసిన కష్టమే. బడి రిజిస్టరులో "ఎస్‌కే" అని పొట్టిగా, ఆధార్‌లో "షేక్" అని పూర్తిగా, బర్త్ సర్టిఫికెట్‌లో ఇంగ్లీషు స్పెల్లింగ్ మరో రకంగా ఉంటుంది. మొహమ్మద్ ఒకచోట "ఎండీ", ఇంకోచోట మూడు నాలుగు స్పెల్లింగులు. అమ్మాయి పేరు వెనక "బేగం" ఒక కాగితంలో ఉంటుంది, ఇంకో కాగితంలో ఉండదు. తండ్రి పేరులోనూ అంతే. మండల పోటీలప్పుడు హెడ్మాస్టరు సంతకం ఉన్న ఎలిజిబిలిటీ ఫారం చూసి వదిలేస్తారు. పైకి వెళ్లేకొద్దీ ఆధార్, బర్త్ సర్టిఫికెట్, స్టడీ సర్టిఫికెట్ పక్కపక్కన పెట్టి చూస్తారు. రాబోయే సర్టిఫికెట్ మీద అచ్చయ్యే పేరు కూడా ఈ ఫారంలో రాసిందే. రేపు ఉద్యోగానికి వెళ్లినప్పుడు టెన్త్ మెమో మీద ఒక పేరు, ఆటల సర్టిఫికెట్ మీద ఇంకో పేరు ఉంటే ఆ కాగితం ఉండీ లేనట్టే.

దీన్ని సరిచేసుకోవడానికి తేలికైన సమయం పదో తరగతికి ముందే. బడి రికార్డుల్లో పేరు ఉన్నట్టే టెన్త్ మెమో వస్తుంది, మెమో వచ్చాక దిద్దించుకోవడం చాలా తిప్పలు. ఆరో తరగతిలోనో ఏడులోనో ఒక పూట పని మానుకుని బడికి వెళ్లి మూడు కాగితాలూ ఒకే పేరుకు తెచ్చుకుంటే, ఆటలకే కాదు, స్కాలర్‌షిప్పుకూ పాస్‌పోర్టుకూ అదే పనికొస్తుంది.

అమ్మాయిల సంగతి

ఇళ్లలో మొదట అడిగేది డ్రెస్ గురించి. బడి స్థాయి ఆటల్లో ట్రాక్ ప్యాంటు, పొడుగు చేతుల టీషర్టు వేసుకుని ఆడే అమ్మాయిలు మామూలుగానే కనిపిస్తారు. తలకు స్కార్ఫ్ విషయానికి వస్తే, ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం ఫిఫా 2014లో దాన్ని అనుమతించింది. బాస్కెట్‌బాల్ సంఘం ఫీబా 2017లో తన నియమాన్ని మార్చుకుంది. 2016 రియో ఒలింపిక్స్‌లో ఇబ్తిహాజ్ మొహమ్మద్ స్కార్ఫ్‌తోనే అమెరికా కత్తిసాము జట్టులో ఆడి కాంస్యం గెలిచారు. అంటే పెద్ద మైదానాల్లోనే దారి ఉంది.

అయితే ఆటను బట్టి జాగ్రత్త వేరుగా ఉంటుంది. కబడ్డీలో ఒంటిని పట్టుకుని లాగుతారు. పిన్నులు పెట్టిన దుపట్టా అక్కడ ప్రమాదం, ఆడే పిల్లకే కాదు, పట్టుకునే పిల్లకూ. పిన్ను లేకుండా తలకు అతుక్కుని ఉండే సాగే గుడ్డతో కుట్టిన స్పోర్ట్స్ స్కార్ఫ్ వాడాలి. గాజులు, చెవి పోగులు తీసేయాలి, గోళ్లు కత్తిరించుకోవాలి, ఒంటికి నూనె రాయకూడదు. ఇవి కబడ్డీ నియమాలే. (ఈద్ తర్వాత వారంలో పోటీలు పడితే గాజుల దగ్గర కొంత గొడవ తప్పదు.) కబడ్డీ వద్దనుకునే ఇళ్లకు వాలీబాల్, త్రోబాల్, టెన్నికాయిట్, బాల్ బ్యాడ్మింటన్ ఉన్నాయి. వీటిలో మధ్యలో నెట్ ఉంటుంది, ఎవరినీ తాకే పని లేదు. చదరంగం కూడా స్కూల్ గేమ్స్‌లో ఉందన్న సంగతి చాలామందికి తెలియదు. ఏ జట్టుకు ఏ యూనిఫాం అన్నది మేనేజర్‌తో ముందే మాట్లాడుకోవాలి. గ్రౌండ్ అంచున నిలబడి వాదించడం వల్ల నష్టపోయేది ఆ అమ్మాయే.

ఇక బస సంగతి. పోటీలు జరిగే ఊళ్లో పిల్లల్ని ఎక్కువగా బడి గదుల్లోనో హాస్టళ్లలోనో ఉంచుతారు. బాలికల జట్టుతో మహిళా మేనేజర్ వెళ్లడం పద్ధతి. ఆమె పేరు, ఫోన్ నంబరు అడిగి రాసుకోవడం తల్లిదండ్రుల హక్కు, అందులో మొహమాటం అక్కర్లేదు. గది తలుపుకు లోపలి గడియ ఉందా, బాత్రూము గదికి ఎంత దూరం, రాత్రి అక్కడ ఎవరుంటారు అని అడిగితే మంచి మేనేజర్ ఎవరూ తప్పు పట్టరు. వీలైతే తల్లో, ఖాలానో, నానీయో ఒకరు సొంత ఖర్చుతో అదే ఊరు వెళ్లి చుట్టాలింట్లో ఉండొచ్చు. కోస్తాలో మనవాళ్లు లేని పట్టణం తక్కువే. తిండి దగ్గర హలాల్ సంగతి ఉంటుంది కాబట్టి మాంసం ఉన్న రోజు కూరగాయలు, పప్పు పెట్టమని ముందే చెబితే సరిపోతుంది. ఆడే పిల్లకు గుడ్లు, పాలు, అరటిపండ్లు ఉంటే లోటు ఉండదు.

పొరుగు రాష్ట్రంలోని నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ కథ ఇక్కడ గుర్తు చేసుకోవాలి. ఆమె 1996లో పుట్టింది. తండ్రి స్వయంగా ఆటగాడు. చిన్నప్పుడు నిఖత్ పరుగు పందేలు ఆడేది, తర్వాత బాక్సింగ్ పట్టుకుంది. 2009లో విశాఖపట్నంలోని స్పోర్ట్స్ అథారిటీ కేంద్రంలో ద్రోణాచార్య అవార్డు పొందిన కోచ్ ఐ. వెంకటేశ్వరరావు దగ్గర చేరింది. అప్పటికి ఆమె వయసు పదమూడు, అంటే ఇక్కడి ఎనిమిదో తరగతి అమ్మాయి వయసు. నిజామాబాద్ నుంచి విశాఖ ఎంత దూరమో తెలిసినవాళ్లకు ఆ ఇంట్లో ఎంత మాట్లాడుకుని ఉంటారో అర్థమవుతుంది. బంధువులు, చుట్టుపక్కలవాళ్లు అన్న మాటల గురించి ఆమె తర్వాత చాలాసార్లు బయటే చెప్పింది. రెండేళ్లకు, 2011లో, టర్కీలోని అంతాల్యాలో జూనియర్ ప్రపంచ బంగారు పతకం వచ్చింది. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ ఛాంపియన్ అయింది. ప్రతి అమ్మాయీ నిఖత్ కాదు, కావాల్సిన పనీ లేదు. కానీ ఆ పదమూడో ఏట తండ్రి పెట్టిన సంతకం లేకపోతే ఆ తర్వాత కథే లేదు.

జుమా, రోజా

స్కూల్ గేమ్స్ సీజన్ ఆగస్టులో మొదలై, రాష్ట్ర పోటీలు చలికాలం లోపల, జాతీయ పోటీలు నవంబరు నుంచి జనవరి మధ్య ఎక్కువగా జరుగుతాయి. శుక్రవారం మ్యాచ్ పడటం మామూలే. అబ్బాయిలకు జుమా నమాజు సమయానికి మ్యాచ్ ఉంటే పీఈటీ సార్‌తో ముందు రోజే చెప్పుకుంటే డ్రాలో ఒక గంట అటూ ఇటూ జరపడం కింది స్థాయి పోటీల్లో సాధ్యమే. పై స్థాయిలో టైం టేబుల్ గట్టిగా ఉంటుంది.

రమజాన్ సంగతి ఆసక్తికరంగా ఉంది. 2026లో అది ఫిబ్రవరి మూడో వారంలో పడింది, అంటే ఆటల సీజన్ ముగిశాకే. కానీ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2030లో రెండు రమజాన్లు పడతాయి, ఒకటి జనవరి మొదట్లో, రెండోది డిసెంబరు చివర్లో. 2025లో ఒకటో తరగతి చదివిన పిల్లలు ఎనిమిదో తరగతికి వచ్చేసరికి రమజాన్ డిసెంబరు మొదటి వారంలో మొదలవుతుంది. అంటే సరిగ్గా జాతీయ పోటీల మధ్యలో. పెద్దవాళ్లకు ఇది కొత్త కాదు, 2008లో సెప్టెంబరులో, 2010లో ఆగస్టులో రోజాలు వచ్చినప్పుడు సరిగ్గా మండల పోటీల రోజులే. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో 2021 నుంచి ఇఫ్తార్ వేళ ఆటను ఒక నిమిషం ఆపి, రోజాలో ఉన్న ఆటగాళ్లు నీళ్లు తాగే వీలు కల్పిస్తున్నారు. ఇక్కడ అలాంటి పద్ధతి గురించి ఇప్పటినుంచే బడులతో మాట్లాడటం మంచిది, సమయం ఉంది.

ఏ సర్టిఫికెట్‌కు ఎంత విలువ?

ఇది మొహమాటం లేకుండా చెప్పుకోవాలి. మండలంలో గెలిచిన సర్టిఫికెట్ గోడకు అందం, పిల్లలకు సంతోషం. ఉద్యోగానికి అది పనికిరాదు. కేంద్ర ప్రభుత్వ క్రీడా కోటాలో బడి స్థాయికి గుర్తింపు ఎక్కడ ఉందంటే, జాతీయ స్కూల్ గేమ్స్‌లో రాష్ట్ర జట్టు తరఫున ఆడినవాళ్లకు. దానికి ఫారం-4 అనే ప్రత్యేక ఫారం ఉంటుంది, రాష్ట్ర విద్యాశాఖ లేదా క్రీడల శాఖ ఉన్నతాధికారి దాని మీద సంతకం చేస్తారు. పతకం రాకపోయినా, ఆడటమే అర్హత. జిల్లా తరఫున రాష్ట్రంలో ఆడిన కాగితం ఈ లెక్కలోకి రాదు.

రాష్ట్రంలో సంగతి చూస్తే, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉద్యోగాల్లో క్రీడా కోటాను 2 నుంచి 3 శాతానికి పెంచింది. 2025 మెగా డీఎస్సీలో ఆ కోటా కింద 421 టీచరు పోస్టులు వచ్చాయి. ఆటతోపాటు టీచరు శిక్షణ అర్హత కూడా ఉన్నవాళ్లే వాటికి పోటీ పడ్డారు. ఆట ఒక్కటే ఉంటే చాలదు, చదువు ఒక్కటే ఉన్నా ఆ తలుపు తెరుచుకోదు. ఇంజినీరింగ్ ప్రవేశాల్లో క్రీడలకు అర శాతం సీట్లున్నాయి. ఖేలో ఇండియా కింద ఎంపికైన పిల్లలకు శిక్షణ ఖర్చు కాకుండా నెలకు పదివేల రూపాయల చేతి ఖర్చు ఇస్తారు. ఇవన్నీ కొద్దిమందికే అందేవి. ఉద్యోగం కోసమే ఆటలో దించితే చాలా ఇళ్లలో నిరాశే మిగులుతుంది. కానీ ఎంపికైన పిల్లను ఆపేసే ముందు, ఆపుతున్నది ఏ మెట్టు దగ్గరో తెలిసి ఉండాలి. రాష్ట్ర పోటీల నుంచి జాతీయ జట్టుకు మిగిలింది ఒక్క మెట్టే.

బడికి కూడా డబ్బులు వస్తాయి. సమగ్ర శిక్ష కింద హైస్కూలుకు ఏటా 25 వేల రూపాయల వరకు ఆట వస్తువులకు కేటాయింపు ఉంది. వాలీబాల్ నెట్ చిరిగి వేలాడుతుంటే ఆ డబ్బు ఏమైందని పేరెంట్స్ కమిటీ సమావేశంలో అడగొచ్చు. డెల్టా నల్లనేలలో వర్షాకాలం గ్రౌండ్ బురదే. ఎత్తు చేసి ఇసుక పోయించిన కబడ్డీ కోర్టు ఒక్కటి ఉంటే మడమలు మెలికపడటం సగం తగ్గుతుంది.

పీఈటీ సార్ అంటే కొంచెం చులకన మన దగ్గర ఉంది. లెక్కల సార్‌కు ఇచ్చే సలాం ఆయనకు దొరకదు. హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం బడి పంతులుగానే మొదలయ్యారు, వ్యాయామ విద్యలో డిప్లొమా చేశారు. ఆయన శిక్షణలోనే భారత ఫుట్‌బాల్ జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా వెళ్లింది. పిల్లవాడిలో ఏముందో ముందుగా కనిపెట్టేది ఆ గ్రౌండ్‌లో విజిల్ పట్టుకుని నిలబడ్డ మనిషే. ఆయన కబురు పెడితే ఒకసారి వెళ్లి వినడం మంచిది.

పది తర్వాత

టెన్త్ ఏడాది వచ్చేసరికి "ఈ సంవత్సరం ఆటలు బంద్" అని చెప్పే ఇళ్లు ఎక్కువ. అండర్-17లో ఆడే చివరి ఏళ్లు అవే, జాతీయ పోటీలకు అవకాశం కూడా అప్పుడే ఎక్కువ. పరీక్షలు మార్చిలో. ఆటలు జనవరికి అయిపోతాయి. పోయేది మహా అయితే పది పదిహేను రోజుల తరగతులు. ఆ నోట్సు రాసిపెట్టే స్నేహితురాలిని ముందే చూసుకుంటే, ఆట మానేసి టీవీ ముందు పోగొట్టుకునే కాలం కంటే అది ఎక్కువేమీ కాదు.

ఇంటర్‌లో అండర్-19 ఉంది, మళ్లీ రెండేళ్లు. విజయవాడ చుట్టూ ఉన్న పెద్ద పెద్ద కార్పొరేట్ కాలేజీల్లో చాలావాటికి ఆటస్థలమే ఉండదు. కంకిపాడు నుంచి పిల్లల్ని అక్కడ హాస్టల్లో చేర్చేటప్పుడు ర్యాంకులు, ఫీజులు, నమాజుకు గది, తిండి అన్నీ అడుగుతారు. జిల్లా జట్టులో ఆడిన పిల్ల ఉన్న ఇంటివాళ్లు ఇంకో మూడు అడగాలి. కాలేజీకి గ్రౌండ్ ఉందా, ఫిజికల్ డైరెక్టర్ ఉన్నారా, అండర్-19 సెలక్షన్స్‌కు పిల్లల్ని ఈ ఏడాది పంపారా? కౌంటర్ దగ్గర కూర్చున్నవారి మాటతో సరిపెట్టుకోకుండా, గ్రౌండ్ ఎటు ఉందో చూపించమని అడిగి, నడిచి వెళ్లి చూసి రావాలి.